యానాం కబుర్లు: వద్దంటే వద్దనే అర్థం

పోయిన సంచికలో పులస మీద రాసిన కబుర్లకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒక ఉత్తరం మాత్రం పులస ఊసే ఎత్తలేదు. రాసినావిడ మన సంఘం సభ్యురాలే. పేరూ ఊరూ చెప్పను. ఆవిడ కొడుక్కి పదిహేనేళ్ళు. ఆటిజం ఉంది. వచ్చే వేసవిలో అన్నయ్యగారి అమ్మాయి పెళ్ళికి కాకినాడ దగ్గర పుట్టింటికి వస్తున్నారట. "యానాంలో మీరు ఇలాంటి పిల్లలతో ఆదివారాలు ఏదో నడుపుతున్నారని విన్నాను. నలుగురిలో ఎలా మసలుకోవాలో వాడికి ఈలోగా ఏమేం నేర్పి తీసుకురావాలో ఒక జాబితా రాసి పంపండి" అని అడిగారు.

ఆవిడకు జవాబు వేరుగా రాశాను. కాని ఆ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదనిపించింది. అంచేత ఈసారి కబుర్లు ఆ పిల్లల గురించే. జాబితా మాత్రం ఆవిడ అనుకున్నట్టు తయారవలేదు, ముందే చెప్పేస్తున్నాను.

మా ఊరు చూడనివారికి రెండు ముక్కలు. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. మొత్తం 30 చదరపు కిలోమీటర్ల చోటు. ఒకవైపు కాకినాడ జిల్లా, గౌతమి దాటితే కోనసీమ. మాట తెలుగు, తిండి గోదావరి తిండి, ప్రభుత్వం మాత్రం ఎక్కడో దక్షిణాన వందల కిలోమీటర్ల దూరంలో. మీరంతా ఊరొదిలి బయటి తెలుగువాళ్ళయ్యారు. మేము ఊరు కదలకుండానే అయ్యాం!

ఈ సరిహద్దు మా ఆదివారం బడిలోనూ కనిపిస్తుంది. బడి అంటున్నాను గాని బోర్డూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ఏటిగట్టుకు దగ్గర్లో ఓ పెంకుటింటి వసారా. ఏడుగురు పిల్లలు, పదమూడేళ్ళ నుంచి ఇరవై రెండేళ్ళ దాకా. ఆరుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. నలుగురు యానాం వాళ్ళు, ముగ్గురు తాళ్ళరేవు నుంచీ ఎదురులంక నుంచీ వస్తారు. అంటే ఒకే చాప మీద రెండు ప్రభుత్వాల పిల్లలు. ఆ ముగ్గురి సర్టిఫికెట్లు ఆంధ్రాలో సదరం వారివి, మావాళ్ళవి పుదుచ్చేరివి. 1995 నాటి వికలాంగుల చట్టంలో అసలు ఆటిజం పేరే లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టంలోకి వచ్చింది, 2016 చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాలలో చేరింది. ఇప్పుడు దేశమంతా చెల్లే యూడీఐడీ కార్డు వచ్చింది గనక కాగితాల గొడవ కొంత తగ్గింది. తల్లుల గొడవ తగ్గలేదు.

నేను ముప్ఫయి రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. నాతోపాటు ఒక రిటైర్డ్ నర్సుగారు, డిగ్రీ చదివే పిల్లలిద్దరు. నెలకు రెండుసార్లు కాకినాడ నుంచి ఈ చదువు చదువుకున్న టీచరమ్మాయి వస్తుంది. ఆ అమ్మాయి చెప్పినట్టు మేము నడుచుకుంటాం.

ఆటిజం తగ్గించవలసిన జబ్బు కాదు. మెదడు పెరిగే తీరులోనే ఉన్న తేడా. ఎదుటివాళ్ళ మొహంలోనూ మాట విరుపులోనూ ఉన్నది చదవడం వీళ్ళకు కష్టం. చప్పుడూ, వెలుతురూ, ఒంటిమీద చెయ్యి పడటమూ కొందరికి భరించలేనంతగా తెలుస్తాయి. అలవాటైన వరుస తప్పితే కంగారు. కొందరికి మాటలే రావు, కొందరు పుస్తకంలా మాట్లాడతారు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరుగారు పదకొండుమంది పిల్లల్ని చూసి దీన్ని వివరంగా రాశారు. ఆ తరువాత చాలా ఏళ్ళు పెద్ద పెద్ద చదువులవాళ్ళే నేరమంతా తల్లుల మీద వేశారు, తల్లి దగ్గర ప్రేమ చాలకనే బిడ్డ ఇలా అయ్యాడని. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఆయన (ఆయన కొడుక్కీ ఆటిజమే) అది శుద్ధ తప్పని ఒక పుస్తకమే రాశారు. ఆ పుస్తకం సంగతి మా వీధి అరుగుల దాకా ఇంకా రాలేదు.

నలుగురిలో మసలుకోవడం నేర్పే ఇలాంటి బృందాలు కొత్తవేం కాదు. 1984లో నార్త్ కెరొలినాలో గేరీ మెసిబోవ్ అనే ఆయన, మాటలొచ్చిన ఆటిజం యువకులను కూడేసి నడిపిన పద్ధతిని అచ్చువేశారు. మన దేశంలో సికిందరాబాదులో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ పుట్టిందీ ఆ ఏడాదే. 1990ల మొదట్లో మిషిగన్లో కెరోల్ గ్రే అనే ఆవిడ, ఒక్కొక్క సందర్భానికీ ఒక చిన్న కథ రాసి, అక్కడ ఏం జరుగుతుందో, ఎందుకు జరుగుతుందో ముందే చదివి వినిపించే పద్ధతి కనిపెట్టారు. మేము ఎక్కువగా వాడేది అదే. కాకపోతే అమెరికా కథలు ఇక్కడ పనికిరావు. మన మర్యాదల చిక్కులు వేరు, వాటికి మన కథలే రాసుకోవాలి.

ఉదాహరణకు మన "వెళ్ళొస్తాను". ఎదురులంక నుంచి వచ్చే పధ్నాలుగేళ్ళ అబ్బాయి ప్రతి పండక్కీ తాతగారు వెళ్ళిపోయాక వీధి గుమ్మంలో కూచునేవాడట. అన్నానికి పిలిచినా లేవడు. కోప్పడితే ఏడుపు. ఇంట్లోవాళ్ళు తాతమీద బెంగ అనుకున్నారు. బెంగా కాదు, మొండీ కాదు. తాతగారు "వెళ్ళొస్తాను" అన్నారు. వెళ్ళారు. రావాలి కదా! అతని కోసం మేము రాసిన కథ ఇది: "తాతయ్య వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తాను అంటారు. తాతయ్య తన ఇంటికి వెళ్తున్నారు. ఈ రోజు తిరిగి రారు. వెళ్తాను అని ఊరుకుంటే మంచిది కాదని పెద్దవాళ్ళు అనుకుంటారు. అందుకని అలా అంటారు. మళ్ళీ ఎప్పుడొస్తారో నేను అడగొచ్చు. తాతయ్య తేదీ చెబుతారు." అయిదుసార్లు చదివాడు. పోయిన సంక్రాంతికి తాతగారిని తేదీ అడిగాడు. ఆయనా చెప్పక తప్పలేదు, చెప్పినవాడు రాకా తప్పలేదు. మనవడి పుణ్యమా అని ఉగాదికీ వచ్చారని వాళ్ళ అమ్మగారు నవ్వుతూ చెప్పారు.

ఇక "మీరు", "నువ్వు" ఉన్నాయి. పెద్దవాళ్ళను మీరు అనాలి అని చెబితే ఒకతను పుట్టిన తేదీలు అడగడం మొదలుపెట్టాడు. తనకన్నా మూడు నెలలు పెద్దయిన పెదనాన్న కొడుకును "మీరు" అంటాడు. పాలు పోసే కుర్రాడు నెల చిన్న, కాబట్టి "నువ్వు". ఇంతవరకూ బాగానే ఉంది. ఒక ఆదివారం, "అమ్మ పెద్దది కదండీ, నువ్వు అంటాం. దేవుణ్ణి కూడా నువ్వు అంటారు. దేవుడు చిన్నవాడా అండీ?" అని అడిగాడు. అన్నేళ్ళు వ్యాకరణం చెప్పినదాన్ని, నోట మాట రాలేదు!

బయటినుంచి వచ్చిన పాఠాల్లో మొట్టమొదటిది కళ్ళలోకి చూసి మాట్లాడమనడం. టీచరమ్మాయి తెచ్చిన కాగితాల్లోనూ అదే మొదట ఉంది. మన ఇళ్ళల్లో చూస్తే "పెద్దవాళ్ళ కళ్ళలోకి గుచ్చి చూస్తావేం?" అని కసురుతాం. పైగా ఈ పిల్లల్లో కొందరు, కళ్ళు చూస్తే చెవులు వినబడవంటారు. రెంటిలో ఏదో ఒకటే కుదురుతుంది. మాకు వినడం ముఖ్యం. మొహం ఇటు తిప్పితే చాలునని ఆ గీటు కొట్టేశాం. మాకున్న ఒక్క అమ్మాయి అయితే కళ్ళలోకి చూడటం, నవ్వవలసిన చోట నవ్వడం పిన్ని కూతుర్ని చూసి కాపీ చేసి నేర్చేసుకుంది. "బుద్ధిమంతురాలు, నోట్లో నాలుక లేదు" అని బళ్ళో మెచ్చుకుని పదమూడేళ్ళ దాకా ఎవరూ పట్టించుకోలేదు. ఇంటికొచ్చి చీకటి గదిలో రెండు గంటలు ముడుచుకుని పడుకునేదని తల్లికి మాత్రమే తెలుసు. ఎక్కడైనా అబ్బాయిల్లోనే ఎక్కువ కనిపిస్తుందంటారు. కనిపించని అమ్మాయిలు ఎందరున్నారో!

నేర్పేది ఎవరికి, నేర్చుకోవలసింది ఎవరు అన్న సందేహం మాకు కిరాణా కొట్టు దగ్గర వచ్చింది. నెలకొకసారి పిల్లలు తలో వస్తువూ కొనుక్కురావాలి. పదహారేళ్ళతను సబ్బు కొన్నాడు. మూడు రూపాయలు వెనక్కి రావాలి. కొట్టాయన అలవాటుగా మూడు చాక్లెట్లు చేతిలో పెట్టారు. "ఇవి డబ్బులు కాదండీ" అన్నాడు. "చిల్లర లేదు బాబూ, తీసుకో." "నేను చాక్లెట్ అడగలేదండీ." వెనక నలుగురు నిలబడ్డారు, ఒకాయన విసుక్కున్నాడు. మా డిగ్రీ కుర్రాడు సర్దిచెప్పబోయాడు గాని ఏమని చెబుతాడు? న్యాయం ఎటుంది? నిజం చెప్పొద్దూ, మనమంతా మొహమాటపడి ఇన్నేళ్ళుగా ఆ చాక్లెట్లు తింటున్నాం. చివరికి కొట్టాయనే ఒక డబ్బాలో రూపాయి బిళ్ళలు వేసి ఉంచడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఫోనుతో చెల్లింపులొచ్చి పైసాతో సహా లెక్క తేలిపోతోంది గనక మావాడు ఆ కొట్టును వదలడు.

బ్రిటన్లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు 2012లో ఈ మాటే శాస్త్రంగా రాశారు. ఆయనా ఆటిజం ఉన్న మనిషే. వాళ్ళకు మనం అర్థంకానంతగా మనకూ వాళ్ళు అర్థంకారు, లోపం ఒకవైపే వేయడం సరికాదు అన్నారు. 2020లో కేథరిన్ క్రాంప్టన్ తదితరులు ఎనిమిదేసి మందిని వరుసగా పెట్టి ఒకరి నుంచి ఒకరికి కథ చెప్పించారు, మన చెవిలో మాట ఆటలాగే. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళయిన వరుసలో కథ మిగతావాళ్ళ వరుసలో అంత బాగానూ చివరిదాకా చేరింది. కలగలిపిన వరుసల్లోనే తరిగిపోయింది. ఇంకా ఎక్కువమందితో మళ్ళీ చేసినప్పుడు కలగలుపు వరుసలూ వెనకబడలేదని 2025లో ప్రకటించారు. ఏదెలా ఉన్నా, ఆటిజం ఉన్నవాళ్ళకు మాట చేరవేయడం రాదన్న అపవాదు రెండుసార్లూ నిలవలేదు. మా వసారాలో ఇద్దరు కుర్రాళ్ళు గంటసేపు బస్సుల నంబర్లు చెప్పుకుంటారు, మధ్యలో పగలబడి నవ్వుకుంటారు. ఆ హాస్యం మాకెవరికీ తెలియదు. పోనీ మా హాస్యం వాళ్ళకు తెలుసునా!

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మన ఇళ్ళల్లో "వద్దు" అనే మాటకు విలువ లేదు. వడ్డించేటప్పుడు మొదటిసారి వద్దంటే మొహమాటం, రెండోసారి వద్దంటే మర్యాద, మూడోసారి నిజంగా వద్దేమో అని ఆలోచిస్తాం, ఆలోచిస్తూనే వేసేస్తాం. గోదావరి జిల్లాల ఆప్యాయత గురించి మీకు చెప్పాలా! పిల్లల్ని "తాతగారికి ముద్దు పెట్టు", "అత్తయ్య ఒళ్ళో కూచో" అంటాం. వాడు పెనుగులాడితే నవ్వుతాం. మామూలు పిల్లలు ఏ వద్దు ఉత్తిది, ఏ వద్దు గట్టిది అని వాళ్ళంతట వాళ్ళే పోల్చుకుంటారు. ఈ పిల్లలు ఒక్కసారే అంటారు. అన్నదే అర్థం. ఆ మాట పనిచెయ్యలేదని తేలిపోతే ఇక అనడం మానేస్తారు.

ఆ మానెయ్యడమే భయం. మా నర్సుగారు తన ఉద్యోగంలో చూసినవి ఒకటి రెండు చెప్పారు, ఇక్కడ రాయను. పెద్దవాళ్ళు చెప్పింది చెయ్యి, నవ్వు, చెయ్యి అందివ్వు, ఎదురు చెప్పకు అని నేర్పి, నేర్చుకున్నాడని సంతోషించి, ఆ పిల్లనో పిల్లాణ్ణో లోకంలోకి పంపితే, చెడ్డవాడు ఎదురైన రోజున వాళ్ళ దగ్గర ఏ మాట మిగిలి ఉంటుంది? మర్యాద నేర్పుతున్నామనుకుని లొంగిపోవడం నేర్పుతున్నామా అని ఆవిడ అడిగిన రోజున మా పాఠాల వరుస మార్చేశాం. ఇప్పుడు మొదటి పాఠం "వద్దు". మాటలు రాని పిల్లాడికి అరచెయ్యి అడ్డం పెట్టడం నేర్పాం. వసారాలో ఎవరు వద్దన్నా, పాట వద్దన్నా, ఉప్మా వద్దన్నా, అక్కడితో ఆగిపోవాలి. ఎందుకని అడగకూడదు. ఈ నియమం పిల్లలకు ఒక్కరోజులో వచ్చింది. అమ్మమ్మలకూ నాయనమ్మలకూ నేర్పడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఒక నాయనమ్మగారైతే "ఇంకొక్క ముద్ద పెడితే మీ సొమ్మేం పోయింది" అని నామీద అలిగి మూడు వారాలు రాలేదు. తరువాత తనే వచ్చి, "వాడిప్పుడు నా దగ్గరే కూచుని తింటున్నాడు, పారిపోవడం లేదు" అన్నారు. మాట వరసకైనా మీరన్నదే నిజమనలేదు లెండి.

కాబట్టి ఉత్తరం రాసినావిడకు నేను పంపిన జాబితాలో పిల్లాడికి ఉన్నది ఒకటే, వద్దనడం. మిగతాదంతా పెళ్ళివారికి. ఇంటి ఫోటోలూ, ఎవరెవరుంటారో వాళ్ళ ఫోటోలూ ముందే పంపించమనండి. ఏ రోజు ఏ వేళకు ఏం జరుగుతుందో కాగితం మీద రాసి గోడకు అంటించమనండి. ముహూర్తం ఆలస్యమైతే ఆలస్యమని రాసెయ్యడమే. డీజే పెట్టే వైపు కాకుండా వెనకవైపు ఒక గది తలుపు వేసుకునేలా వదిలిపెట్టమనండి. "నన్ను గుర్తుపట్టావా, నేనెవరో చెప్పు?" అనే పరీక్ష ఎవరూ పెట్టకూడదు. పెద్దవాళ్ళే "నేను మీ పెద్దమావయ్యను" అని చెప్పుకుంటే వాళ్ళ పెద్దరికం తరిగిపోదు.

భోజనాల సంగతి ఒకటి చెప్పాలి. ప్లేటు పట్టుకుని తోసుకుంటూ తిరిగే బఫే ఈ పిల్లలకు నరకం. పాత బంతి భోజనం ఉంది చూశారూ, అది వాళ్ళ కోసమే పెట్టినట్టుంటుంది. ఎవరి చోటు వారిది. ఏది ముందు వస్తుందో ఏది తరువాతో వరుస తెలుసు. చెయ్యి అడ్డం పెడితే వద్దని, ఆకు మడిస్తే అయిపోయిందని లోకమంతటికీ అర్థం. మా పిల్లలతో వసారాలో అరిటాకులు వేసి అయిదుసార్లు ఆడించాం. ఎదురులంక అబ్బాయి ఆ నెలలోనే ఒక గృహప్రవేశంలో మొదటి బంతిలో కూచుని పెరుగన్నం దాకా లేవలేదు. చెయ్యి అడ్డం పెట్టినా నెయ్యి వేసినావిడను మాత్రం "చెయ్యి చూడలేదాండీ?" అని అడిగాడట. ఆవిడ నొచ్చుకుంది. వాళ్ళమ్మగారు క్షమించమనలేదని విని మేమంతా మెచ్చుకున్నాం.

వద్దు అనే మాట రెండోవైపు నుంచీ వస్తుంది. మా బృందంలో ఇరవై రెండేళ్ళతనికి చీర అంచులంటే ప్రాణం. మూడేళ్ళ కిందట ఒక ఊరి బస్టాండులో ఒకావిడ కొంగు పట్టుకుని జరీ చూడబోయాడు. జనం పోగై కొట్టారు. పెదవి చిట్లింది. ఆడవాళ్ళను తప్పుపట్టడానికి లేదు, ఆవిడ భయం ఆవిడది. ఇతనికి తనను ఎందుకు కొట్టారో చాలాకాలం తెలియలేదు. వాళ్ళమ్మగారు ఆ తరువాత ఏడాదిపాటు గడప దాటనివ్వలేదు. "నేనున్నన్నాళ్ళూ ఇంట్లో ఉంచుకుంటాను టీచర్‌గారూ, తరవాత?" అనేవారు. ఆ తరవాతకు నా దగ్గర జవాబు లేదు. ముందు ఇంట్లోంచి వీధిలోకి రప్పించాలనుకున్నాం. చూడొచ్చు, ముట్టుకోకూడదు, చెయ్యి చాచినంత దూరం, అడగాలి, వద్దంటే వచ్చెయ్యాలి. తను వద్దంటే మేము ఆగుతున్నాం గనక ఎదుటివాళ్ళు వద్దంటే తనూ ఆగాలన్నది అతనికి తేలిగ్గానే పట్టుబడింది. మేమూ అతన్ని వెంటబెట్టుకుని బస్సు కండక్టర్లకూ, ఆటోవాళ్ళకూ, పది కొట్లకూ పరిచయం చేసి వచ్చాం.

తరువాత ఉప్పాడ తీసుకెళ్ళాం. మగ్గం దగ్గర నేతాయన్ని "ముట్టుకోవచ్చా అండీ?" అని అడిగాడు. ఆయన రమ్మన్నాడు. జాందానీ బుటాను తిరగేసి చూశాడు. దానికి పైకీ కిందికీ తేడా ఉండదు, అదే దాని గొప్ప. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా తిరగేసి చూడరని ఆ నేతాయన మురిసిపోయి గంటసేపు కూచోబెట్టుకుని చెప్పాడు.

ఇప్పుడు యానాంలోనే ఒక బట్టల కొట్టులో పొద్దుటిపూట మూడు గంటలు చీరలు మడతపెడుతున్నాడు. జీతం కొద్దిదే. పోయిన నెల ఒకావిడ చీర భుజాన వేసుకుని, "ఏం బాబూ, బావుందా?" అని ఊరికే అడిగింది. "లేదండీ, వెనక దారాలు వదిలేశారు" అన్నాడు. కొట్టాయన తల పట్టుకున్నాడు. ఆవిడ మాత్రం వెళ్ళిపోలేదు. ఇంకో నాలుగు చీరలు తీయించి, ఒక్కొక్కటే అతని ముందు తిరగేసి పెట్టింది.